రెండు మాటలు, ఒక పిట్ట

మే 4

వికారాబాద్ వచ్చేశాం. అక్క ఇంట్లో మంచం మీద కూర్చుని రాస్తున్నా. ఫ్యాన్ తిరుగుతోంది, గాలి మాత్రం వేడిది. పిల్లలు బావతో చెరుకు రసానికి వెళ్లారు.

తాండూరులో రైలెక్కేదాకా అత్తమ్మ వదల్లేదు. ప్లాట్‌ఫామ్ మీద నిలబడి మళ్లీ అదే ప్రశ్న.

"బొమ్మలు గీసుడే గద?"

"ఆఁ అత్తమ్మా. బొమ్మలు, పాటలు, మట్టిపని. పిల్లల పండుగ."

"ఢోలు గిట్ల ఉండది గద గాడ?"

ఉంటుందని నాకు తెలుసు. ఉండదని చెప్పాను.

బండి నిండా సేడం వైపు జనం, అంతా కన్నడం. స్వాతి కిటికీ ఊచల మీద వేళ్లతో వాయిస్తూనే ఉంది. ధారూర్ దాటాక ఎదురు సీటులోని ముసలామె చేయెత్తి "సాకమ్మా, సాకు" అంది. చాలు ఆపమని. ఆపింది. కాసేపటికి ఒళ్లోని సంచి మీద మొదలుపెట్టింది, చప్పుడు రాకుండా.

నేను చూడనట్టే కూర్చున్నాను. బస్సు ఉండగా రైలుకే ఎందుకు పోతున్నామని అది అడగలేదు. పదేళ్ల పిల్ల. అన్నీ తెలుసు దానికి.

మే 5

పండుగ మొదలైంది. మే నెలలో బడులన్నీ బోసిపోయి ఉంటాయి, ఈ బడి మాత్రం కిటకిట. ఒక గదిలో కాగితపు ముఖాలు, ఒక గదిలో మట్టి, వరండాలో పాటలు, వేపచెట్టు కింద కథలు. ఎవరు ఏ గదికి పోవాలంటే ఆ గదికి. బెత్తం లేదు, గంట లేదు. నేను టీచర్ని కదా, వరసలో నిలబడండి అందామని నాలుక దురద పెట్టింది. నోరు కట్టుకున్నాను.

చింటు తిన్నగా ముఖాల గదిలోకి దూరాడు. మైదా జిగురు, చింపిన పేపర్లు. కాసేపటికే వాడి జుట్టూ, చొక్కా, పక్కపిల్ల జడా అన్నీ ఒకదానికొకటి అంటుకున్నాయి. వాడు నవ్వితే అందరూ నవ్వారు. ఆరేళ్ల వాడికి ఇంతకన్నా ఏం కావాలి.

స్వాతి నేను చెప్పినట్టే బొమ్మల గదికి వెళ్లింది. మారు మాట్లాడలేదు. అదే నాకు నచ్చలేదు.

వెనకాల రేకుల షెడ్డు. అందులో ఢోలు నేర్పుతారు. పదకొండు దాటాక మొదటి దెబ్బ పడింది. మా ఆయన పోయాక ఇదే మొదటిసారి దగ్గరగా వినడం. మా ఇంట్లో గిన్నె కింద పడినా అత్తమ్మ ఉలిక్కిపడుతుంది. గోడ మీది ఢోలు ఆ వారమే బీరప్ప గుడికి ఇచ్చేసింది, మేకు మాత్రం ఇంకా ఉంది.

పండ్ల రసం పంచుతుంటే వెళ్లి సాయం చేశాను. చేతులకు పని ఉంటే మంచిది.

మే 6

బొమ్మల సారు నవ్వుతూ అన్నాడు. "మీ బిడ్డకు మస్తు దూపైతది మేడం. మాటికొస్తె నీళ్లకు పోతది."

నీళ్ల కుండ ఢోలు షెడ్డు పక్కనే ఉంది.

మే 7

అక్కకు చెప్పేశాను. ఇద్దరం తొక్కుకు మామిడికాయలు కోస్తున్నాం. అక్క కత్తిపీట ముందు, నేను ముక్కలు తుడుస్తూ. స్వాతి షెడ్డు చుట్టూ తిరుగుతోందని నేనంటే, "తిరగనీ, దాని నాయిన ఒగ్గుకథల ఢోలు కొట్టలేదా" అంది అక్క. "పొద్దంత నాపరాయి పాలిష్ పట్టి, వారం వారం కథకు పోయెటోడు. గా రక్తం యాడికి వోతది?"

అప్పుడు చెప్పాను. పిట్టకు పెట్టిన రోజు సంగతి.

కాగ్నా ఒడ్డున, మూడో రోజు. ఆయనకు ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టారు. మటన్ కూర, జొన్నరొట్టె, ముంతలో కల్లు. అందరం దూరంగా జరిగి నిలబడ్డాం. కాకి వచ్చింది, కరెంటు తీగ మీద కూర్చుంది. దిగదు. మా చినమామ "పిల్లల్ని మంచిగ సదివిస్తం" అన్నాడు. దిగదు. ఇంకెవరో "అవ్వను అరుసుకుంటం" అన్నారు. దిగదు. ఎండ. ఆయన జట్టు వాళ్లు ఢోలు చేతిలో పట్టుకుని నిలబడ్డారు, ఎవరూ కొట్టడం లేదు. అప్పుడు అత్తమ్మ ముందుకొచ్చి గొంతు చించుకుని అంది. "నీ పిల్లల్ని ఢోలు ముట్టనియ్య కొడుకా, నా మీద ఒట్టు. ముట్టు నాయినా." కాకి దిగింది. తిన్నది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. పిల్లల గురించే బెంగ పెట్టుకున్నాడు పాపం, మాటిచ్చినంక ముట్టిండు, అనుకున్నారు.

ఇంతవరకు అక్కకూ తెలుసు. తెలియనిది ఇది. సరిగ్గా అత్తమ్మ అరిచినప్పుడే నేనూ ఒక మాట ఇచ్చాను, మనసులో. ఆ ఢోలు అలా మూగగా వాళ్ల చేతుల్లో ఉండడం చూడలేక. నీ ఢోలు చప్పుడు ఆగనియ్యను, నీ బిడ్డ కొడుతుంది, అని. రెండు మాటలూ ఒక్కసారే. పిట్ట ఒకటే.

అక్క కత్తిపీట మీద చేయి ఆపి నన్ను చూసింది.

"మనసుల అన్నది పిట్టకెట్ల ఇనవడుతదే?"

"మరి గట్టిగ అన్నది సచ్చిపోయినోనికి ఎట్ల ఇనవడుతది?"

అక్క తర్వాత కోసిన కాయలన్నీ జీడితో సహా పడేసింది నా పళ్లెంలో.

మే 8

స్వాతి పొద్దున జడ వేయించుకుంటూ, అద్దంలో నన్ను చూస్తూ అంది.

"అమ్మా, ఢోలు షెడ్ల కూసుంట. కొట్ట. సూస్త అంతే."

సరే అన్నాను. పిల్లిని పాల దగ్గర కూర్చోబెట్టి ముట్టకు అన్నట్టే ఇది. నాకు తెలియదా.

మే 9

ముట్టింది.

సాయంత్రం పిల్లల కోసం వెళ్తే షెడ్డులో దాని నడుముకు ఢోలు కట్టి ఉంది. పిల్లల ఢోలే, చిన్నది. కుడిచేతిలో పుల్ల, ఎడమ చేయి వట్టిది. నన్ను చూసి ఆపలేదు. దొరికిపోయినప్పుడు కూడా ఆపకపోవడం ఆయన పద్ధతే.

నేర్పే ఆయన పూడూరు వైపు మనిషి, పిల్లలందరికీ సాయన్న తాత. నన్ను పక్కకు పిలిచాడు.

"పొల్ల ఎవరి దగ్గర నేర్సింది బిడ్డా?"

"ఎవరి దగ్గరా నేర్వలేదు తాతా."

"దరువు ముగిసే ముంగట జర ఆగుతుంది సూడు. మేం గట్ల నేర్పలే."

ఆ ఆగడం నాకు తెలుసు. పెళ్లైన కొత్తలో ఒకసారి అడిగాను, ఎందుకలా ఆగుతావని. "గంతసేపు కొట్టినంక దేవుడు గూడ దమ్ము తీస్కోవాలె గద" అన్నాడు. ఆయన జట్టులో ఇంకెవరూ అలా ఆగేవారు కాదు. కథ చెప్పే పెద్దమనిషి తిట్టేవాడు కూడా, తాళం తప్పిస్తున్నావని.

స్వాతిని ఒళ్లో కూర్చోబెట్టుకుని వాయించేవాడు, దాని చేతుల మీద తన చేతులు పెట్టి. వచ్చింది అలాగే. వింత ఏమీ లేదు. అలా అనుకుంటూనే ఇంటికి నడిచాను. దారిలో రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను, ఎవరో మాతో పాటు నడుస్తున్నట్టు అనిపించి. బడి పిల్లలే.

మే 10

కాగితపు ముఖం ఆరింది. చింటు ఇవాళ రంగు వేశాడు. పసుపు. అంతా పసుపు.

"ఎవర్రా ఇది?"

"డాడి."

వాడికి ఆయన గుర్తు లేడు. ఫొటో గుర్తుంది. ఇంట్లో పెద్దది చేయించింది ఒక్కటే, కథలో ఢోలు కొడుతున్నప్పుడు తీసింది. ముఖం నిండా పసుపు బండారి, కళ్లు మూసుకుని.

"డాడి కండ్లు ఎట్లుండె అమ్మా? పెద్దగుండెనా, చిన్నగుండెనా?"

అన్నేళ్లు కాపురం చేసిన మనిషి కళ్లు. కోపం వస్తే ఎలా అయ్యేవో తెలుసు, రాళ్ల దుమ్ముకు సాయంత్రం ఎంత ఎర్రగా ఉండేవో తెలుసు. పెద్దవా చిన్నవా అంటే తెలియలేదు. ఏడుపు వచ్చింది, పిల్లలందరి మధ్యలో. చెమట తుడుచుకున్నట్టు తుడుచుకున్నాను.

"నీ లెక్కనే ఉండె" అన్నాను చివరికి.

వాడు స్టీలు మూతలో తన ముఖం చూసుకున్నాడు, చాలాసేపు. తర్వాత కళ్లు గీయలేదు. అక్కడ రెండు కన్నాలు చేశాడు.

"నేను వెట్టుకుంటె నా కండ్లు కనవడ్తయి గద."

మే 11

ముఖాన్ని అక్క ఇంటి దండెం మీద ఆరేశాడు, మిగతా బట్టలతో పాటు. గాలికి తిరుగుతోంది. ఒకసారి నా వైపు, ఒకసారి గోడ వైపు. నీళ్ల బిందెకు వెళ్లాలంటే దాని కిందుగా పోవాలి. వంగి పోతున్నాను. అక్క కూడా వంగే పోతోంది, నవ్వుకోలేదు ఇద్దరం.

మే 12

పిల్లలందరినీ అనంతగిరికి తీసుకెళ్లారు. చెట్లు చూసి బొమ్మలు గీయడానికి, గుట్ట మీద ఢోలు ఎలా మోగుతుందో వినడానికి. నేను వెళ్లకపోతే పిల్లలిద్దర్నే ఆ దారిలో పంపాలి. వెళ్లాను.

బస్సు నిండా పాటలు. ఘాటు రోడ్డు ఎక్కుతుంటే నేను కిటికీ వైపు చూడలేదు, ఎదుటి సీటు వెనక గీసిన పేర్లు చదువుతూ కూర్చున్నాను. ఆ మలుపు దగ్గర జట్టు వాళ్ల ట్రాలీ ఆటో బోల్తా పడింది, కథ చెప్పి తాండూరుకు తిరిగొస్తుంటే. మిగతా వాళ్లందరూ దెబ్బలతో లేచారు. ఢోలుకు గీత కూడా పడలేదు.

సీటు మీద వాయిస్తున్న స్వాతి చేతులు ఆగాయి.

"గిదేనా?"

"ఏది?"

"ఏం లే."

పైన చల్లగా ఉంది. పులిహోర పొట్లాలు, మామిడిపండ్లు. చింటు కోతికి పండు ఇచ్చి, మళ్లీ తనకు ఇమ్మని దాన్ని బతిమాలాడు. మేమందరం పడి పడి నవ్వాం. నేను అంత నవ్వి ఎన్నాళ్లయిందో.

తర్వాత ఢోళ్లు. ఒక్కొక్కరే గుట్ట అంచున నిలబడి కొట్టాలి, అవతలి గుట్ట తిరిగి పలుకుతుంది. పిల్లలకు భలే సరదా. స్వాతి వంతు వచ్చింది. కొట్టింది, విన్నది. మళ్లీ కొట్టింది, మళ్లీ విన్నది. దిగి నా దగ్గరికి వచ్చింది.

"గాడ ఎవరో కొడ్తున్నరు అమ్మా."

"గుట్టనే బిడ్డా. నీ చప్పుడే."

"గుట్ట గిట్ల ఆగుతదా?"

"నువ్వు ఆగితే అది కూడా ఆగుతుంది."

చదువు చెప్పే గొంతుతోనే చెప్పాను. అది తలూపింది. నమ్మిందో లేదో తెలియదు. నేను నమ్మానా అంటే, తిరిగి వచ్చేటప్పుడు దాని చేయి గట్టిగా పట్టుకునే కూర్చున్నాను.

మే 13

అక్క స్వాతికి రెండు చేతులా గోరింటాకు పెట్టింది. చివరి రోజు ఆటకు ఎర్రగా పండాలట. మధ్యాహ్నం అది గడపలో చేతులు చాచి కూర్చుంది, నేను వంటింట్లో పిండి తడుపుతున్నాను.

దరువు వినబడింది. మెల్లగా. ముగిసే ముందు ఆ ఆగడం.

స్వాతిని చూశాను. చేతులు గాల్లోనే ఉన్నాయి, అదీ నన్నే చూస్తోంది. దాని ముఖం తెల్లబడింది. పిండి చేతులతోనే వెనక్కి పరిగెత్తాను.

చింటు. ఖాళీ నీళ్ల డ్రమ్ము ముందు కూర్చుని, ముఖం పెట్టుకుని వాయిస్తున్నాడు. వాడిని ఎవరూ ఒళ్లో కూర్చోబెట్టుకుని నేర్పలేదు. స్వాతి దగ్గర విన్నాడు, వచ్చేసింది, అంతే కదా. అంతే.

"మంచిగొస్తుందా అమ్మా?" అని అడిగాడు. ముఖంలోంచి వాడి కళ్లు.

మంచిగా వస్తోందని చెప్పాను. ముఖం తీసేయమని కూడా చెప్పాను.

మే 14

అత్తమ్మ ఫోన్. షెడ్డు పక్కన ఉండగా వచ్చింది, ఎత్తకుండా ఉండాల్సింది.

"బొమ్మలు మంచిగ గీస్తున్నరా?"

"మంచిగ గీస్తున్నరు అత్తమ్మా."

"గదేం సప్పుడు?"

"పక్కన పెళ్లి."

అటు నుంచి నెమ్మదిగా, "మూఢంల ఎవరు చేసుకుంటున్నరే పెండ్లి?"

మూఢం. ఈ నెలంతా ముహూర్తాలే లేవని ఇక్కడికి వచ్చే ముందే ఇద్దరం కూర్చుని అనుకున్నాం. మా ఆడపడుచు కొడుకు పెళ్లి అందుకే వెనక్కి జరిగింది. అబద్ధం ఆడితే అతికినట్టు ఉండాలంటారు. నాది తిథి కూడా చూసుకోలేదు.

ఫోన్ పెట్టేసింది.

మే 15, పొద్దున

అత్తమ్మ మొదటి ప్యాసింజరుకే దిగింది. చేతిలో సంచి, అందులో జొన్నరొట్టెలు, తొక్కు. గడపలో నిలబడి అంది. "మూఢంల పెండ్లి చేస్తున్న ఇల్లేదో సూద్దామని వచ్చిన."

నవ్వలేదు. తిట్టలేదు కూడా. అక్క మంచినీళ్లిస్తే తాగింది. దండెం మీది ముఖాన్ని చూసింది. వంగకుండా దాని దగ్గరికి వెళ్లి, చెంప మీద చేయి పెట్టింది. ఎవరు చేశారని అడగలేదు.

పిల్లలు ఆట సామాన్ల కోసం ముందే బడికి వెళ్లారు. ఇద్దరమే కూర్చున్నాం. సాయంత్రం స్వాతి మేళంలో నిలబడి కొడుతుందని నేనే చెప్పాను. దాచడానికి ఇంకేం మిగిలింది.

"పద్మా, నేను కోపానికి రాలే. నాకు బుగులైతుంది" అంది. "మాట తప్పితె ఆడు యాడికి వోతడు? అటు వోలేడు, ఇటు రాలేడు. అసొంటోళ్లు పిల్లల మీదికే వస్తరు. నా కొడుకు మంచోడే. సచ్చినోళ్లకు మంచి సెడ్డ తెల్వదే."

అప్పుడు నా మాట సంగతి చెప్పాను. ఆమె వింటూ కొంగు అంచు మడిచింది, విప్పింది, మళ్లీ మడిచింది.

"మనసుల అన్నవా?"

"ఆఁ."

"నేనన్నప్పుడేనా?"

"అప్పుడే అత్తమ్మా."

"ఇన్నొద్దులాయె. ఎందుకు చెప్పలే?"

"మీరు మాటిచ్చినంకనే ముట్టిండని అందరు అన్నరు గద."

బయట ఎవరో మామిడిపండ్లు అమ్ముతూ పోయారు.

"కొట్టిస్తె నా మాట తప్పుతది. కొట్టనియ్యకుంటె నీ మాట తప్పుతది" అంది చివరికి. "ఎట్లయినా ఒకటి తప్పుడే."

"ఏం చేద్దాం అత్తమ్మా?"

ఆమె లేచి జుట్టు ముడి బిగించుకుంది. "నేనైతె సూడ" అంది. అంతే. మధ్యాహ్నం బండికి పిల్లల్ని తీసుకుపోతానంటుందని కాచుకుని ఉన్నాను. అనలేదు.

మే 15, సాయంత్రం

బడి మెట్ల మీద కూర్చుని రాస్తున్నా. ఆట అయిపోయింది. పిల్లలు రంగులు కడుక్కుంటున్నారు.

రాయాలి, మరచిపోకముందే. ఎండ ఇంకా దిగలేదు. పంచెలు కట్టుకుని, కాళ్లకు గజ్జెలు, ముఖాలకు బండారి. స్వాతి మూడోది. గోరింటాకు బాగా పండింది. సాయన్న తాత ఒక కేక వేశాడు, అన్ని ఢోళ్లూ ఒక్కసారి లేచాయి. నా పక్కన కూర్చున్న తల్లులు ఫోన్లు ఎత్తారు. నేను ఎత్తలేదు.

దాన్ని అంత సంతోషంగా నేను ఎప్పుడూ చూడలేదు. ఆయన పోయినప్పటి నుంచి కాదు, ఎప్పుడూ. గిరగిరా తిరుగుతూ కొట్టింది. కూర్చుని కొట్టింది, లేచి కొట్టింది. ముగిసే ముందు ఆగింది, మిగతా పిల్లలు కూడా దానితో పాటే ఆగారు. ఎప్పుడు నేర్చుకున్నారో. బడి అంతా ఒక్క క్షణం నిశ్శబ్దం.

అప్పుడే చింటు మధ్యలోకి వచ్చాడు, పసుపు ముఖం పెట్టుకుని గంతులు వేస్తూ. వాడిని ఎవరూ రమ్మనలేదు. జనం చప్పట్లు. వాడు తిరిగి నన్ను చూశాడు. ఆయన ముఖం, బతికున్న కళ్లు. నాకు భయం వేయలేదు. ఆ క్షణంలో నేను ఒంటరిదాన్ని కాను, అంతే. ఇది ఇంకెవరికీ చెప్పలేను, చెబితే పిచ్చి పట్టిందంటారు.

అత్తమ్మ ప్రహరీ గోడ దగ్గర నాపరాయి గట్టు మీద కూర్చుంది. చెట్టు కిందికి రమ్మని మధ్యాహ్నం నుంచి ఎంత పిలిచినా రాలేదు. నీడలోకి వస్తే ఆట కనబడుతుందట. ఆటంతా వీపు మావైపే. రోడ్డు చూస్తూ, కొంగు నెత్తి మీదికి లాక్కుని. ఒక్కసారీ తిరగలేదు.

అయ్యాక స్వాతి పరిగెత్తుకుంటూ ఆమె దగ్గరికే వెళ్లింది, నా దగ్గరికి కాదు.

"నానమ్మా, ఇన్నవా?"

"ఇననీకి నా వీపుకు చెవులున్నయా" అంది అత్తమ్మ. కానీ దాని ముఖం మీది బండారి తన కొంగుతో తుడిచింది.

మే 16

స్వాతికి జ్వరం. పొద్దున లేవలేకపోయింది. కాలిపోతోంది.

డాక్టరు ఎండదెబ్బ అన్నాడు. నీళ్లు, మందులు, నీడ. పండుగకు వచ్చిన పిల్లల్లో ఇంకా కొందరికి ఉందట. ఆ మాట అత్తమ్మకు మూడుసార్లు చెప్పాను. ఆమె మూడుసార్లూ "ఆఁ, ఎండనే" అంది. నిన్న కొట్టనివ్వకపోతే అనే మాట అనలేదు. అంటే బాగుండేది, నేను ఎదురు చెప్పేదాన్ని.

అక్క ముఖాన్ని దండెం మీది నుంచి తీసి ఎక్కడో పెట్టింది. ఎక్కడ పెట్టావని అడగలేదు.

మే 16, సాయంత్రం

తగ్గలేదు. తడిగుడ్డ మారుస్తూ ఉన్నాం. ఒకసారి నేను, ఒకసారి అత్తమ్మ. నిద్రలో దాని వేళ్లు దుప్పటి మీద కదులుతున్నాయి. నేను ఆ చేతిని పట్టుకుని ఆపాను. వదిలేస్తే మళ్లీ కదిలాయి. ఆపడం మానేశాను.

నాకు అనుమానం వస్తోంది. రాస్తేనే తెలుస్తోంది ఎంత అనుమానమో. నేను బడిలో పిల్లలకు మూఢనమ్మకాల పాఠం చెబుతాను.

మే 17

తెల్లవారుజామున పాలు పెట్టడానికి లేచాను. అత్తమ్మ స్వాతి పక్కన కూర్చుని ఉంది, ఎదురుగా ఎవరో కూర్చున్నట్టు మాట్లాడుతోంది. కోపంగా కాదు. అన్నానికి రమ్మని పిలిచే గొంతుతో.

"కొడుకా, పొల్ల జోలికి రాకు. దానికేం తెల్వది. మాటిచ్చింది నేను. తప్పింది నేను. వట్టుకుంటె నన్ను వట్టుకో."

తలుపు దగ్గరే ఆగిపోయాను. మాట నాదీ ఉంది, నన్ను పట్టుకో అని నేనూ అనబోయాను. గట్టిగా అనాలా, మనసులో అనాలా, ఏది వింటాడో తెలియలేదు. వెనక పాలు పొంగిపోయాయి.

మధ్యాహ్నానికి స్వాతికి చెమట పట్టింది. పెరుగన్నం అడిగింది.

మే 18

స్వాతి లేచి తిరుగుతోంది. జ్వరం లేదు. చింటుతో పోట్లాడింది కూడా. అక్క ఊరంతటికీ పంచేటంత పాయసం చేసింది.

అత్తమ్మ లేవలేదు. అలసిపోయిందనుకున్నాను, రెండు రోజులుగా కన్ను మూయలేదు కదా. పదింటికి టీ తీసుకెళ్తే వద్దంది. చేయి పట్టుకున్నాను. కాలిపోతోంది.

ఎండదెబ్బే. ఆట రోజు మధ్యాహ్నం నుంచి ఎండలో ఆ గట్టు మీదే కూర్చుంది, ముసలి ప్రాణం, ఇవాళ బయటపడింది. స్వాతికి వచ్చిందే ఆమెకూ వచ్చింది. బావ ఆటో కోసం వెళ్లాడు. ఈలోపు మాత్ర వేద్దామని నీళ్లు తెచ్చాను. అత్తమ్మ పెదాలు బిగించింది, చిన్నపిల్ల మాదిరి.

"వేసుకోండి అత్తమ్మా. జ్వరం దిగుతది."

"దించకు."

"అదేం మాట?"

కళ్లు తెరిచి నన్ను చూసింది. ఎన్నాళ్లకో ఆ ముఖంలో నెమ్మది. ఆయన పని నుంచి వచ్చి అరుగు మీద కూర్చుంటే ఆమె ముఖం అలా ఉండేది.

"నాకాడికే వచ్చిండే పద్మా. జర ఉండనీ."

మాత్ర నా చేతిలోనే ఉంది. కరిగి అరచేయంతా తెల్లగా అయింది. బయట వాకిట్లో స్వాతి అడుగుతోంది, నానమ్మ పడుకుంది కదా, దరువు కొట్టాలా వద్దా అని. బావ ఆటో ఇంకా రాలేదు.